పేరే వాకిలి

బిడ్డకు పెట్టే పేరు ఆ బిడ్డను పిలవడానికి. సంస్థకు పెట్టే పేరు బయటివారిని లోపలికి పిలవడానికి. "పండిత పరిషత్తు" అన్నామా, నిన్నగాక మొన్న ఛందస్సు పట్టుబడినవాడు గడప దగ్గరే ఆగిపోతాడు. "ఔత్సాహిక" అని చేర్చామా, ఆ విద్యనే జీవికగా చేసుకొన్నవాడు అది తన చోటు కాదనుకొంటాడు. ఇద్దరినీ ఒక పందిరి కిందికి తెచ్చే మాట దొరకడం కష్టం.

మన నాటకరంగం ఈ చిక్కును తొలినాళ్ళలోనే చక్కగా దాటింది. 1885లో కడప సీమలో పుట్టిన వృత్తి సమాజానికి ఊరి పేరే పేరయింది: సురభి. మరుసటి ఏడు బళ్ళారిలో న్యాయవాది ధర్మవరం రామకృష్ణమాచార్యులు స్థాపించిన దానికి సరస వినోదినీ సభ అని పేరు. మొదటి పేరులో వృత్తి ప్రసక్తి లేదు, రెండవదానిలో వినోదమే తప్ప నటుల తాహతు ప్రసక్తి లేదు. ఆడేవాడు ఎవడన్నది ఆ పేర్లు అడగలేదు.

తెలంగాణకు వస్తే, 1901లో హైదరాబాదులో వెలసినది శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం. నిలయమంటే ఇల్లు; ఇంట్లోకి రావడానికి పట్టా అక్కరలేదు. 1921లో ఏర్పడినది ఆంధ్ర జన సంఘం. అక్కడ "జన" అన్న రెండక్షరాలే కీలకం. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో వెలువరించిన సంకలనం పేరు గోలకొండ కవుల సంచిక. "మహాకవుల" అనలేదు, "వర్ధమాన కవుల" అనీ అనలేదు. అందుకే 354 మంది అందులో ఇమిడారు. పేరుమోసిన విద్వాంసుల సరసన ఊరు దాటి పేరు తెలియనివారూ నిలిచారు. స్త్రీలకూ చోటు దొరికింది.

అయితే పేరు ఒక్కటే చాలదని చెప్పిన ఊరు మాది. 1944లో ఆంధ్ర మహాసభ పదకొండవ సమావేశం భువనగిరిలో జరిగింది. అధ్యక్షులు ఈ ప్రాంతపు బొల్లేపల్లి బిడ్డ రావి నారాయణరెడ్డి. సభ్యత్వ రుసుము రూపాయి నుండి నాలుగణాలకు దిగింది. మితవాదులు విడిపోయారు, అది చిన్న నష్టం కాదు. కాని అంతవరకు చదువుకొన్నవారిది అనిపించిన సభలోకి రైతు, కూలి నడిచి వచ్చారు. వచ్చినవారు "మహాసభ" అన్న సంస్కృత సమాసాన్ని మోయలేదు. "సంఘం" అన్నారు. రసీదు చీటీలను బట్టి కొన్ని పల్లెల్లో "చీటీల సంఘం" అనీ అన్నారు.

జనం చేతిలో పేర్లకు జరిగేది ఇదే. త్రిభువనమల్లుని బిరుదు మీద వెలసిందని చెప్పే మా గుట్ట పేరు కూడా బిరుదు రాల్చుకొని భువనగిరిగా, పలుకుబడిలో భోనగిరిగా మిగిలింది.

కనుక సాహిత్యానికో సంగీతానికో సమాజం పెట్టదలచిన మిత్రులకు నా మనవి ఒక్కటే. వచ్చేవారి స్థాయిని పేరులో చెప్పకండి. చేసే పనిని చెప్పండి, లేదా ఊరిని చెప్పండి. విద్వత్తు లోపల తేలుతుంది. వాకిట్లో తూకం వేయనక్కరలేదు. ఇక రుసుము నాలుగణాలకు మించనీయకండి. పేరు తెరిచిన తలుపును రుసుము మూసివేయగలదు.