ఉన్ని సొమ్ముతో లేచిన గోరీలు

ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్‌షైర్‌లో పెయిన్స్విక్ అనే చిన్న ఊరుంది. అక్కడి సెయింట్ మేరీ చర్చి ఆవరణలో, కత్తిరించి తీర్చిన యూ చెట్ల నడుమ, 17, 18 శతాబ్దాల రాతి గోరీలు కనిపిస్తాయి. చూడవచ్చినవాళ్లు ముందు చెట్లను లెక్కపెడతారు. 99కి మించి బతకవని ఊళ్లో ఒక నమ్మకం. లెక్కకు తీసుకోవలసినవి గోరీలేనని నా వాదన. వాటిని దుఃఖానికీ భక్తికీ గుర్తులనుకుని వదిలేస్తే సగమే చదివినట్టు. ఆ ప్రాంతపు ఉన్ని బట్టల వ్యాపారం రాతిమీద రాసుకున్న ఖాతాపుస్తకం అది.

పెట్టెల్లా, బల్లల్లా ఉన్న ఈ కట్టడాల లోపల శవం ఉండదు. అది కింద మట్టిలో ఉంటుంది. పైనున్నదంతా డొల్ల, నలుగురి కంట పడాలని కట్టింది. చాలావాటి కింద ఉన్నవి క్లాథియర్ల కుటుంబాలు. క్లాథియరంటే ఉన్ని కొని, ఇళ్లలో వడికేవాళ్లకూ నేసేవాళ్లకూ కూలికిచ్చి, బట్టను మిల్లులో దట్టం చేయించి, రంగు వేయించి అమ్మే ఆసామి. పక్కనున్న స్ట్రౌడ్ లోయల ఎర్రబట్ట సైనికుల కోట్లకు పోయేది. ఈస్టిండియా కంపెనీ కూడా ఈ ప్రాంతపు బట్ట కొనేది. ఆ సొమ్ముకు స్థానిక సున్నపురాయి తోడైంది. గనిలోంచి తీసిన కొత్తలో అది ఉలికి లొంగుతుంది, గాలి తగిలేకొద్దీ గట్టిపడుతుంది. చెక్కినవాళ్లలో బ్రయాన్ కుటుంబానిది పెద్ద పేరు. 1787లో పోయిన జాన్ బ్రయాన్ గోరీ పిరమిడ్ ఆకారంలో అక్కడే ఉంది.

గోరీలపై రెక్కల పసిదేవతల ముఖాలున్నాయి కదా, ఇది మతం కాదా అని అడగవచ్చు. మతమే. అయితే విశ్వాసం చర్చికి వచ్చే అందరిదీ. ఇంత నగిషీ కొందరికే అందింది. ఇంతకన్నా బలమైన ఆక్షేపణ ఇంకొకటుంది: ఖాతాపుస్తకమైతే వడికిన ఆడవాళ్ల పేర్లేవి, నేసినవాళ్ల పేర్లేవి? 1756లో స్ట్రౌడ్ ప్రాంతపు నేతగాళ్లు కూలి కోసం తిరగబడితే సైన్యాన్ని దించారు. ఆ తగువు ఈ నగిషీలో ఎక్కడా కనబడదు. ఆ లోపం నిజమే, కానీ ఖాతా రాసినవాడు యజమాని. కూలివాళ్ల జాడ మరోచోట వెతకాలి. 1666 నాటి చట్టం, 1678లో దాన్ని బిగించిన చట్టం శవానికి ఉన్ని బట్టే చుట్టాలన్నాయి; తప్పితే 5 పౌండ్ల జరిమానా. 1814 దాకా అది రద్దు కాలేదు. గోరీల మధ్య పచ్చిక కింద, పేరు చెక్కిన రాయి లేకుండా పడుకున్నవాళ్లలో కూడా చాలామందికి ఒంటికి చుట్టింది ఉన్నిబట్టే అయ్యుండాలి.