ఒకే కథ, పలు గొంతులు

శతవార్షిక సంచికలలో సాధారణంగా మందిరముల నిర్మాణమును గూర్చి, బిషప్పులను గూర్చి, పాఠశాలలను గూర్చి వ్రాస్తాము. అవి వ్రాయదగినవే. అయితే క్రీస్తు కథ మన తెలుగు పల్లెలకు ఏయే రూపాలలో చేరింది, దానిని ఎవరు చెప్పారు అన్నది కూడ సంఘచరిత్రలో భాగమే.

నోటిమాట, కీర్తన

కృష్ణా మండలములోని రాఘవాపురం వాస్తవ్యుడు పగోలు వెంకయ్యగారు 1859లో డార్లింగ్ దొరగారి చేత బాప్తిస్మము పొందారు. ఆయన మాలపల్లెలో పుట్టినవారు. తెలుగు క్రొత్త నిబంధన 1818 నాటికే అచ్చయింది. కాని ఆ పల్లెలకు బడి తలుపు మూసి ఉన్న రోజులవి. చదువు రానివారికి పుస్తకం తాళం వేసిన పెట్టె వంటిది. అందుచేత కథ చుట్టరికాల వెంట, పల్లె నుండి పల్లెకు నోటిమాటగానే నడిచింది.

నోటిమాట త్వరగా మారిపోతుంది. దానికి రాగం, తాళం తోడైతే నిలుస్తుంది. ఈ పని చేసిన మహనీయుడు పురుషోత్తమ చౌదరిగారు (1803–1890). 1833లో బాప్తిస్మము పొందిన ఈ పండితుడు తనకు బాల్యము నుండి తెలిసిన కీర్తన సంప్రదాయంలోనే నూటికి పైగా క్రైస్తవ కీర్తనలు రచించారు. పల్లవి ఒకసారి నోటికి వస్తే చరణం దాని వెంట వస్తుంది. అక్షరం రాని తల్లి కూడ కలుపు తీస్తూ, తిరగలి త్రిప్పుతూ, పాఠము తప్పకుండ పాడగలిగింది. వినినవారే చెప్పేవారయ్యారు. ఇది గమనింపదగిన విషయం.

రాతిలో కథ

1912లో డోర్నకల్ అధ్యక్షునిగా అభిషేకము పొందిన అజరయ్యగారు ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు. 1939లో ప్రతిష్ఠించబడిన డోర్నకల్ దేవాలయమును చూచినవారికి ఆయన ఆలోచన అర్థమవుతుంది. గుమ్మటాలు, మినార్లు, మండపాన్ని తలపించే స్తంభాలు అన్నీ ఒక్కచోట కనిపిస్తాయి. ఈ విశ్వాసము పరాయి దేశపు సరుకు కాదు, ఈ నేలలో వేరూనినదే అని ఆ రాళ్లు చెప్పుచున్నవి. కట్టడం కూడ ఒక కథనమే.

బుర్రకథ

1940 ప్రాంతములలో ప్రజానాట్యమండలి, ముఖ్యంగా షేక్ నాజర్ గారు, బుర్రకథకు క్రొత్త జీవం పోశారు. సంఘములు కూడ ఆ కళను అందిపుచ్చుకున్నవి. యోసేపు, దావీదు, ఎస్తేరు చరిత్రలు క్రిస్మసు రాత్రులలో బుర్రకథలైనవి. తంబుర భుజాన వేసికొని కథకుడు కథ నడుపుతాడు. గుమ్మెటలు వాయించే ఇద్దరు వంతలలో ఒకరు హాస్యం చెబుతారు, మరొకరు లోకవ్యవహారం చెబుతారు. ఈ మూడవ గొంతే బుర్రకథ ప్రత్యేకత. యోసేపును అన్నలు అమ్మివేసిన ఘట్టంలో కథను ఒక్క నిమిషం ఆపి, మన ఊళ్లో అన్నదమ్ముల పొలం తగాదాను, సారా దుకాణాన్ని, అప్పులవారి వడ్డీని ప్రస్తావించే వీలు అతనికి ఉంది. నాలుగు వేల ఏండ్ల నాటి కథ అప్పటికప్పుడు మన వీధిలోకి వస్తుంది.

పద్యము, వెండితెర

వినుకొండలో పుట్టిన గుఱ్ఱం జాషువ కవిగారు (1895–1971) పద్యమును చేపట్టారు. ఏ కులము పేరు చెప్పి తనను పంక్తిలోనుండి లేపారో, ఆ కులము గొంతుతోనే 'గబ్బిలము' వ్రాశారు. ఆయన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించింది. మందిరపు గడప ఎక్కని సాహిత్యప్రియులు సైతం ఆ కథను చదివారు.

1978లో ఎ. భీమ్‌సింగ్ గారి దర్శకత్వమున, విజయచందర్ గారు క్రీస్తుగా నటించిన 'కరుణామయుడు' వచ్చింది. తరువాత అది హిందీలోనికి, ఇతర భాషలలోనికి వెళ్లింది. 16 మిల్లీమీటర్ల ప్రొజెక్టరుతో, తెల్ల గుడ్డ కట్టి, ఊరూర చూపించారు. సిలువ ఘట్టమునకు ఏ మతమువారైనను కన్నీరు పెట్టారు. వెయ్యి ప్రసంగములు చేరలేని చోటికి అది చేరినదనుట అతిశయోక్తి కాదు.

మన బాధ్యత

అయితే ఒక భేదమును గుర్తింపవలెను. కీర్తన విన్నవాడు మరునాడు పాడగలడు. బుర్రకథ చూచిన కుర్రవాడు తప్పెట పట్టుకొని అనుకరింపగలడు. తెర మీద కథ చూచినవాడు చూచి ఇంటికి పోతాడు. నేడు ఆ తెర చేతిలోని ఫోనులోనికి వచ్చింది. పదిమంది కలిసి చూచే అవసరం కూడ తీరిపోయింది. కథలు పెరిగినవి, చెప్పేవారు తగ్గుచున్నారు. చదువు నిరాకరింపబడిన మన పెద్దలు సంపాదించుకున్న గొప్ప హక్కు, కథను తమ నోట తాము చెప్పే హక్కు. దానిని మన చేతులతో మనమే విడిచిపెట్టరాదు.

ప్రియ సంఘస్థులారా, తిరువూరు చుట్టుపట్ల పల్లెలలో పాత వరుసలు ఎరిగిన వృద్ధులు ఇంకను ఉన్నారు. బుర్రకథ ప్రతులు పాత నోటుపుస్తకాలలో, ట్రంకుపెట్టెల అడుగున ఉన్నవి. వాటిని చెదలు తినకముందే యౌవనస్థులు వెలికితీయవలెను. ఆ ఫోనుతోనే వారి పాటను రికార్డు చేయండి, ప్రతిని ఫోటో తీయండి. అంతటితో ఆగక, ఒక్క కీర్తననైనా వారి యెదుట కూర్చుండి నేర్చుకొనండి. భద్రపరచిన పాట పెట్టెలో ఉంటుంది. నేర్చుకున్న పాట సంఘములో ఉంటుంది.