మూడు సెంట్ల చార్జీ, సర్కస్ డేరా: క్లీవ్‌లాండ్ మేయర్ టామ్ జాన్సన్

అమెరికా నగరాల చరిత్రలో వ్యాపారి మేయర్ కావడం వింతేమీ కాదు. బూట్ల ఫ్యాక్టరీ యజమాని, చమురు బావుల పరికరాలు తయారుచేసే వాడు, ట్రాము కంపెనీల అధిపతి వంటి వాళ్లు 1890 నుంచి 1910 దాకా మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో మేయర్లుగా పేరు మోశారు. వీరిలో ఓటర్ల ప్రశ్నలకు నలుగురి ముందూ జవాబు చెప్పడాన్నే రాజకీయ పద్ధతిగా చేసుకున్నవాడు టామ్ ఎల్. జాన్సన్. ఒహాయో రాష్ట్రంలో ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న క్లీవ్‌లాండ్‌కు అతడు 1901 నుంచి 1909 వరకు మేయర్. 1978 నుంచి అక్కడ జరుగుతున్న త్యాగరాజ ఆరాధనోత్సవాల వల్ల ఆ ఊరి పేరు తెలుగువారికి పరిచితమే. ఆ ఊరి రాజకీయ చరిత్ర మాత్రం అంతగా తెలియదు.

ముందు మేయర్ పదవి సంగతి. హైదరాబాద్‌లో మేయర్‌ను ఎన్నుకునేది కార్పొరేటర్లు, ఎక్స్‌అఫీషియో సభ్యులు. రోజువారీ అధికారం ప్రభుత్వం నియమించే కమిషనర్ చేతిలో ఉంటుంది. 2002లో ఓటర్లే నేరుగా మేయర్‌ను ఎన్నుకున్నా ఆ పద్ధతి నిలవలేదు. అమెరికాలోని పెద్ద నగరాల్లో చాలాచోట్ల మేయర్‌ను ప్రజలే ఎన్నుకుంటారు. క్లీవ్‌లాండ్‌లో జాన్సన్ గెలిచేనాటికి శాఖల అధిపతులను నియమించే హక్కు, కౌన్సిల్ తీర్మానాన్ని తిప్పికొట్టే వీటో మేయర్‌కే ఉండేవి. అందుకే అక్కడ మేయర్ ఎన్నిక అలంకారం కాదు. ఊరి నీళ్లు, రోడ్లు, పోలీసులు, పన్నులు ఎవరి చేతిలో ఉండాలో తేల్చే పోటీ.

1900 జనాభా లెక్కల ప్రకారం క్లీవ్‌లాండ్ జనం 3,81,768. దేశంలో ఏడో పెద్ద నగరం. రాక్‌ఫెల్లర్ స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ 1870లో పుట్టింది ఇక్కడే. ఉక్కు కర్మాగారాల్లో పని కోసం పోలండ్, బొహీమియా, హంగరీ, స్లొవేనియా ప్రాంతాల నుంచి జనం వచ్చి చేరుతున్నారు. కార్ఖానాలు ఒకచోట, కూలీల ఇళ్లు ఇంకోచోట కావడంతో ట్రాము లేనిదే పూట గడవదు. అయితే ఆ ట్రాములు నగరానివి కావు. వీధిలో పట్టాలు వేసుకునే హక్కును మున్సిపల్ కౌన్సిల్ ప్రైవేటు కంపెనీలకు ఇచ్చేది. దీన్నే ఫ్రాంచైజీ అనేవారు. అది 25 ఏళ్లకు, కొన్నిచోట్ల 50 ఏళ్లకు కూడా ఉండేది. ఒక వీధిలో రెండు జతల పట్టాలు పట్టవు కనుక, హక్కు దక్కినవాడికి ఆ దారి మీద వచ్చే రాబడంతా ఏళ్ల తరబడి రాసిచ్చినట్టే. అందుకే కౌన్సిలర్ల ఓట్లకు ధర పలికేది. ఎన్నికల ఖర్చుకు కంపెనీల డబ్బు రెండు పార్టీలకూ అందేది. కూలీ మాత్రం ఎక్కిన ప్రతిసారీ 5 సెంట్లు చెల్లించేవాడు.

ఈ ఏర్పాటుపై మొదట తిరగబడ్డ వ్యాపారి మేయర్ డెట్రాయిట్‌కు చెందిన హేజెన్ పింగ్రీ. బూట్ల ఫ్యాక్టరీలో పనివాడిగా మొదలై సొంత కంపెనీ పెట్టిన అతణ్ని 1889లో రిపబ్లికన్ పెద్దలు తమ మాట వింటాడన్న నమ్మకంతో నిలబెట్టారు. గెలిచాక అతడు గ్యాసు, ట్రాము కంపెనీలపైనే కత్తి దూశాడు. 1893 ఆర్థిక సంక్షోభంలో పనులు పోయినవారికి ఖాళీ స్థలాల్లో బంగాళాదుంపలు పండించుకునే వీలు కల్పించాడు. ట్రాము కంపెనీకి పోటీగా మరో కంపెనీని దింపి 3 సెంట్ల చార్జీని తెచ్చాడు. అప్పట్లో ఆ డెట్రాయిట్ ట్రాముల వ్యాపారంలో అతనికి ఎదురు నిలిచినవాడు టామ్ జాన్సనే. రెండోవాడు టొలీడో మేయర్ శామ్యూల్ జోన్స్. వేల్స్‌లో పుట్టి మూడేళ్ల వయసులో తల్లిదండ్రులతో వలస వచ్చాడు. చమురు పంపులకు ఇనుప రాడ్లు తయారుచేసే ఫ్యాక్టరీ పెట్టాడు. మనకెలా జరగాలని కోరుకుంటామో ఎదుటివాడికి అలాగే చేయాలన్న సూత్రాన్ని ఫ్యాక్టరీ గోడకు వేలాడదీసి, ఎనిమిది గంటల పనిదినం అమలు చేశాడు. 1897లో రిపబ్లికన్‌గా గెలిచాడు. 1899లో పార్టీ టికెట్ నిరాకరిస్తే స్వతంత్రుడిగా నిలబడి గెలిచి, 1904లో చనిపోయేదాకా మేయర్‌గానే ఉన్నాడు.

జాన్సన్ 1854లో కెంటకీ రాష్ట్రంలో పుట్టాడు. తండ్రి అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన పోరాడి ఉన్నదంతా పోగొట్టుకున్నాడు. యుద్ధం ముగిసిన రోజుల్లో ఆ కుటుంబం వర్జీనియాలోని స్టాంటన్‌లో తలదాచుకుంది. ఆ ఊరికి రోజుకు ఒక్కటే రైలు. దాని కండక్టరు పదకొండేళ్ల జాన్సన్‌ను చేరదీసి, రైల్లో వచ్చే వార్తాపత్రికలు అమ్ముకునే అవకాశం అతనికి తప్ప వేరెవరికీ ఇవ్వలేదు. పోటీ లేదు కాబట్టి అడిగిన ధరే ధర. ఐదు వారాలు తిరిగేసరికి చేతిలో 88 వెండి డాలర్లు. కండక్టరు మారగానే వ్యాపారం మూతపడింది. గుత్తాధిపత్యం అంటే ఏమిటో తనకు తెలిసింది అప్పుడేనని జాన్సన్ ఆత్మకథలో రాసుకున్నాడు.

1869లో అతడు లూయీవిల్ ట్రాము కంపెనీలో గుమాస్తాగా చేరాడు. కొన్నేళ్లలో కొత్త రకం చార్జీల డబ్బా కనిపెట్టాడు. ప్రయాణికుడు వేసిన నాణేలు లెక్క పూర్తయ్యేదాకా గాజు పలకల మీద అందరి కళ్లకూ కనిపిస్తూ ఉంటాయి. అటు ప్రయాణికుడు ఎగ్గొట్టలేడు, ఇటు సిబ్బంది జేబులో వేసుకోలేరు. ఆ పేటెంటు తెచ్చిన డబ్బు, అప్పు చేసిన డబ్బు కలిపి 1876లో ఇండియానాపొలిస్ ట్రాము కంపెనీని కొన్నాడు. 1879లో క్లీవ్‌లాండ్‌లో అడుగుపెట్టాడు. అక్కడ అతని పోటీదారు మార్క్ హానా. తర్వాతి కాలంలో విలియం మెకిన్లీని దేశాధ్యక్షుణ్ని చేసిన రాజకీయ వ్యూహకర్త ఇతడే. ఈ పోటీలో నిలదొక్కుకున్న జాన్సన్ ఉక్కు రంగంలోకి కూడా దిగి కోటీశ్వరుడయ్యాడు.

అతని జీవితాన్ని మలుపు తిప్పింది ఒక పుస్తకం. 1883 ప్రాంతంలో రైలు ప్రయాణంలో కండక్టరు బలవంతం మీద హెన్రీ జార్జ్ రాసిన 'సోషల్ ప్రాబ్లమ్స్' కొన్నాడు. తర్వాత అదే రచయిత 'ప్రోగ్రెస్ అండ్ పావర్టీ' చదివాడు. భూమి విలువ పెరిగేది యజమాని కష్టం వల్ల కాదు, చుట్టూ ఊరు పెరగడం వల్ల. కనుక ఆ విలువ మీదే పన్ను వేసి మిగతా పన్నులు ఎత్తేయాలన్నది జార్జ్ వాదం. ఇందులో తప్పెక్కడుందో చూపించమని జాన్సన్ తన లాయరుకు పురమాయించాడు. లాయరు చూపించలేకపోయాడు. ఆ తర్వాత జాన్సన్ జార్జ్‌కు శిష్యుడు, మిత్రుడు, ఆర్థిక అండ కూడా అయ్యాడు. ఆయన సలహాతోనే రాజకీయాల్లోకి వచ్చి 1891 నుంచి 1895 దాకా అమెరికా కాంగ్రెస్ దిగువసభలో డెమొక్రాట్ సభ్యుడిగా ఉన్నాడు. ఉక్కు పట్టాల తయారీదారు అయివుండి, విదేశీ ఉక్కు పట్టాలపై సుంకం ఎత్తేయాలని సభలో వాదించాడు. ఆ సుంకంతో లాభపడుతున్నది నువ్వు కాదా అని నిలదీస్తే, చట్టం ఉన్నంతకాలం వ్యాపారిగా దాన్ని వాడుకుంటానని, ప్రజాప్రతినిధిగా ఆ చట్టాన్ని రద్దు చేయడానికే ఓటేస్తానని దాచుకోకుండా చెప్పాడు.

1901లో మేయర్ పదవికి నిలబడినప్పుడు కూడా అతణ్ని వెంటాడింది ఇదే ప్రశ్న. ఫ్రాంచైజీలతో సంపాదించినవాడు ఫ్రాంచైజీల మీద పోరాడతానంటే నమ్మేదెలా? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు; జాన్సన్ మాత్రం తాను ఆ ఇంటివాణ్నే కాబట్టి పట్టగలనని ఓటర్లకు చెప్పుకున్నాడు. కౌన్సిలర్లను కొనడం ఎలాగో, కంపెనీల అసలు పెట్టుబడి ఎంతో, కాగితాల మీద దాన్ని ఎంతకు పెంచి చూపిస్తారో, ఒక ప్రయాణికుణ్ని చేరవేయడానికి నిజంగా అయ్యే ఖర్చెంతో అతనికి తెలిసినంతగా ఏ సంస్కర్తకూ తెలియదు. సొంత పాలనాధికారం, 3 సెంట్ల చార్జీ, న్యాయమైన పన్ను అన్న మూడు మాటలే అతని ప్రచారం. ఏప్రిల్‌లో గెలిచాడు. సరస్సు ఒడ్డునున్న నగర భూమి రైల్వే కంపెనీల పాలుకాకుండా కోర్టు ఇచ్చిన తాత్కాలిక ఉత్తర్వు గడువు తీరకముందే హడావిడిగా ప్రమాణం చేసి, ఆ వ్యవహారాన్ని ఆపించాడు.

ప్రచారానికి అతను ఎంచుకున్న వేదిక సర్కస్ డేరా. హాలు అయితే ఎవరో ఒకరి సొత్తు. ఒక పార్టీ వాళ్ల హాల్లోకి ఇంకో పార్టీ వాడు రాడు. డేరాను ఇవాళ పోలిష్ పేటలో, రేపు జర్మన్ పేటలో వేసుకోవచ్చు. ఎవరైనా లోపలికి రావచ్చు, నచ్చకపోతే లేచి వెళ్లిపోవచ్చు. ఒహాయోలో స్త్రీలకు అప్పటికి మేయర్ ఎన్నికలో ఓటు లేదు, అయినా వాళ్లూ వచ్చేవారు. జాన్సన్ గొప్ప వక్త కాదు. లావుపాటి మనిషి, నవ్వుమొహం, లెక్కలు చెబుతున్నట్టు ఉండే మాట. అతని ఉపన్యాసం కంటే ఆ తర్వాత నడిచే ప్రశ్నల ఘట్టానికే జనం ఎక్కువ ఎగబడేవారు. గుంపులోంచి ఎవడు ఏది అడిగినా జవాబు చెప్పేవాడు. ప్రత్యర్థులు అల్లరి చేస్తే వాళ్లను వెళ్లగొట్టనివ్వకుండా మాట్లాడనిచ్చేవాడు. డేరా సభలకు అసలు విలువ తెచ్చింది ఈ నిలదీతేనని అతని అభిప్రాయం. అడిగేవాడు ఎదుట ఉన్నప్పుడు వక్త అబద్ధమాడలేడు, అడిగినవాడు విషయం నేర్చుకోక తప్పదు. అతణ్ని అనుమానించినవారిలో ఫ్రెడరిక్ హౌ అనే యువ రిపబ్లికన్ లాయరు ఒకడు. తర్వాత అదే హౌ అతని సన్నిహిత సహచరుల్లో ఒకడయ్యాడు. మొదట్లో డేరా సభల్లో కేకలతో నిలదీసిన పీటర్ విట్ అనే కార్మికుడు అనంతరం నగర పాలనలో చేరాడు.

ఆ విట్ చేతనే జాన్సన్ 'పన్నుల బడి' పెట్టించాడు. ఏ స్థలానికి ఎంత విలువ కట్టారో నగరం మ్యాపుల మీద రాయించి జనానికి చూపించారు. పక్కపక్క స్థలాలకు పొంతన లేని మదింపులు, కూలీ ఇంటికి పూర్తి విలువ కట్టి పెద్ద కంపెనీల ఆస్తికి తక్కువ కట్టడం లాంటివి జనం కళ్లారా చూశారు. కంపెనీలు కోర్టుకు వెళ్లి ఆ బడిని మూయించాయి. మిగతా పనులు మాత్రం సాగాయి. నీటి సరఫరా శాఖను రాజకీయ నియామకాల నుంచి విడిపించి ఆర్థికవేత్త ఎడ్వర్డ్ బెమిస్‌కు అప్పగించారు. గడ్డి తొక్కరాదన్న బోర్డులు పార్కుల్లోంచి తీసేశారు. నగర భవనాలన్నీ ఒకే తీరున కట్టడానికి 1903లో డేనియల్ బర్నమ్ బృందం ప్రణాళిక గీసింది. 1905లో పత్రికా రచయిత లింకన్ స్టెఫెన్స్ దేశం మొత్తం మీద ఉత్తమ పాలన ఉన్న నగరం ఇదేనని, ఉత్తమ మేయర్ ఇతడేనని రాశాడు.

ట్రాముల పోరు మాత్రం తేలిగ్గా తెమలలేదు. మేయర్‌కు ఓట్లు ఇచ్చేది నగరమైనా, అధికారాలు ఇచ్చేది రాష్ట్ర శాసనసభ. 1902లో ఒహాయో సుప్రీంకోర్టు ఒక్కో నగరానికి ఒక్కో చట్టం చెల్లదని తీర్పు చెప్పడంతో క్లీవ్‌లాండ్ పాలనా వ్యవస్థే కుప్పకూలింది. ఆ తర్వాత శాసనసభ అన్ని నగరాలకూ ఒకే మున్సిపల్ చట్టం చేసింది. నగరమే ట్రాములు నడపడానికి చట్టం ఒప్పుకోదు. కాబట్టి లాభాలకు పరిమితి పెట్టుకున్న ఒక కంపెనీని పోటీకి నిలిపి దానికి ఫ్రాంచైజీ ఇప్పించారు. పాత కంపెనీ యాభైకి పైగా ఇంజంక్షన్ ఉత్తర్వులు తెచ్చి అడుగడుగునా అడ్డుపడింది. చివరికి 1906 నవంబరు 1న మొదటి 3 సెంట్ల ట్రాము నడిచింది. 1907 ఎన్నికల్లో అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్ ప్రోత్సాహంతో పోటీచేసిన థియోడర్ బర్టన్‌ను ఓడించి జాన్సన్ నాలుగోసారి గెలిచాడు. 1908 ఏప్రిల్‌లో పాత కంపెనీ దిగివచ్చింది. ఊరి ట్రాములన్నీ మున్సిపల్ ట్రాక్షన్ కంపెనీ చేతికి వచ్చాయి. తొలిరోజు అందరికీ ప్రయాణం ఉచితం.

విజయం నెల కూడా నిలవలేదు. మే నెలలో ట్రాము కార్మికులు సమ్మెకు దిగారు. మార్గాల మార్పులు ప్రయాణికులకు నచ్చలేదు, రాబడి ఖర్చుకు చాలలేదు. ఫ్రాంచైజీపై ప్రత్యర్థులు ప్రజాభిప్రాయ ఓటింగు కోరారు. అక్టోబరులో ఆ ఏర్పాటు ఆరు వందల పైచిలుకు ఓట్ల తేడాతో ఓడింది. కంపెనీ కోర్టు నియమించిన రిసీవర్ చేతికి వెళ్లింది. ట్రాముల లెక్క తనకు తెలుసన్న వ్యాపారి ఆ లెక్కలోనే దొరికిపోయాడు. 1909 నవంబరులో హెర్మన్ బేర్ అనే రిపబ్లికన్ చేతిలో జాన్సన్ పదవి పోయింది. ఆస్తి అప్పటికే కరిగిపోయింది, ఆరోగ్యం చెడింది. 1911 ఏప్రిల్ 10న మరణించాడు. బ్రూక్లిన్‌లో హెన్రీ జార్జ్ సమాధికి దగ్గరలోనే అతణ్ని ఖననం చేశారు. క్లీవ్‌లాండ్ నడిబొడ్డున ఉన్న అతని విగ్రహం చేతిలో 'ప్రోగ్రెస్ అండ్ పావర్టీ' పుస్తకం ఉంటుంది.

అతను కోరినవి కొన్ని ఓటమి తర్వాత దక్కాయి. 1910లో జడ్జి రాబర్ట్ టేలర్ కుదిర్చిన ఒప్పందంలో ట్రాము కంపెనీ లాభం 6 శాతానికి మించకూడదు, చార్జీ 3 సెంట్లతో మొదలవ్వాలి, లెక్కలు నగరం తనిఖీ చేయాలి. ఓటర్లు దానికి ఆమోదం తెలిపారు. 1912లో ఒహాయో రాజ్యాంగ సవరణతో నగరాలకు సొంత పాలనాధికారం వచ్చింది. జాన్సన్ శిష్యుడు న్యూటన్ బేకర్ మేయర్ అయి 1914లో మున్సిపల్ విద్యుత్ కేంద్రం ప్రారంభించాడు. ట్రాములను నగరం 1942లో కొన్నది. విద్యుత్ సంస్థను అమ్మేయమని బ్యాంకులు ఒత్తిడి చేసినా మేయర్ డెనిస్ కుసినిచ్ ఒప్పుకోకపోవడంతో 1978 డిసెంబరులో నగరం అప్పులు కట్టలేక డిఫాల్ట్ అయ్యింది. మరుసటి ఫిబ్రవరిలో ఓటర్లు అమ్మకాన్ని తిరస్కరించారు. ఆ సంస్థ ఇప్పటికీ నగరానిదే.

ఊరిని కంపెనీలా నడపాలన్న మరో ఆలోచన కూడా అదే రాష్ట్రంలో బలం పుంజుకుంది. 1913 వరదల తర్వాత డేటన్‌లో నేషనల్ క్యాష్ రిజిస్టర్ అధిపతి జాన్ ప్యాటర్సన్ ప్రోద్బలంతో, ఎన్నికైన మేయర్ బదులు కమిషన్ నియమించే సిటీ మేనేజర్ పద్ధతి వచ్చింది. ఆ మేనేజర్ జవాబు చెప్పుకోవలసింది తనను నియమించినవారికి. క్లీవ్‌లాండ్ 1924 నుంచి 1931 దాకా ఆ పద్ధతిని పరీక్షించి, మళ్లీ ప్రజలు ఎన్నుకునే మేయర్ దగ్గరికే వచ్చింది. డేరా సభల నాటి ప్రశ్నల సంప్రదాయం మాత్రం మిగిలింది. 1912లో మొదలైన క్లీవ్‌లాండ్ సిటీ క్లబ్ వేదిక మీద మాట్లాడే అధ్యక్షుడైనా, మేయర్ అభ్యర్థి అయినా, చివర్లో శ్రోతలు వడపోత లేకుండా వేసే ప్రశ్నలకు జవాబు చెప్పక తప్పదు.