గుమ్మం ముందు గంట

వేసవి సెలవులకి పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్ళిరావడం మనకి మామూలే. మన దేశంలో ఉద్యోగాలు చేసిన ఇంగ్లీషు కుటుంబాలకీ ఆ ఆరాటం ఉండేది. ఎన్నేళ్ళు ఇక్కడ కాపురం చేసినా, ఇంగ్లండునే వాళ్ళు 'హోమ్' అనేవారు. ఇక్కడే పుట్టి, ఆ దేశం ఎలా ఉంటుందో చూడని పిల్లలకీ అదే మాట నేర్పేవారు.

కానీ ఆ పుట్టింటికి వెళ్ళడం అంత తేలిక కాదు. ఓడ ఆఫ్రికా ఖండం చివరిదాకా వెళ్ళి చుట్టూ తిరగాలి. నెలల తరబడి సముద్రం మీదే. మన బ్రౌను దొరనే చూడండి. 1798లో కలకత్తాలో పుట్టాడు. తండ్రి పోయాక ఇంగ్లండు వెళ్ళి, ఉద్యోగం మీద 1817లో మద్రాసులో దిగాడు. వెళ్ళి రావడానికే ఏడాది దాకా పోయే ఆ రోజుల్లో, సెలవంటే ఏళ్ళ లెక్కే. 1869లో సూయజ్ కాలువ తెరిచాక ఆ ప్రయాణం కొద్ది వారాలకి తగ్గింది.

దారి దగ్గరైతే తల్లీపిల్లలు కలిసే ఉంటారనుకుంటాం కదా! అలా జరగలేదు. ఐదారేళ్ళు నిండిన పిల్లల్ని ఇంగ్లండులో వదిలేసి రావడం వాళ్ళలో ఆనవాయితీగానే ఉండిపోయింది. ఎండలు, కలరా, జ్వరాల భయం ఒకటి. చదువు ఒకటి. ఆయాల పెంపకంలో పిల్లలు ఈ దేశపు పిల్లల్లా అయిపోతారన్న బెంగ ఇంకొకటి.

రడ్యార్డ్ కిప్లింగ్ 1865లో బొంబాయిలో పుట్టాడు. ఇంట్లో పనివాళ్ళతో మాట్లాడే హిందుస్తానీయే అతనికి బాగా వచ్చేది. అమ్మానాన్నల దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇంగ్లీషులో మాట్లాడమని పనివాళ్ళే గుర్తు చేసేవారట. 1871లో తల్లిదండ్రులు అతన్నీ, మూడేళ్ళ చెల్లెలినీ ఇంగ్లండు తీసుకువెళ్ళారు. సౌత్‌సీ అనే ఊళ్ళో, డబ్బు తీసుకుని పిల్లల్ని ఉంచుకునే ఒక ఇంట్లో పెట్టి, వాళ్ళకి ముందు చెప్పకుండానే వెనక్కి వచ్చేశారు. తల్లికి అక్కడ తోడబుట్టినవాళ్ళు ఉన్నారు. అయినా పిల్లలు పెరిగింది పరాయివాళ్ళ చేతుల్లో. ఆ ఇంట్లో దెబ్బలు, తిట్లు.

ఏడాదికి ఒక్కసారి, డిసెంబరులో, లండన్‌లో జార్జియానా పిన్ని ఇంటికి పంపేవారు. ఆ గుమ్మం ముందు గంట లాగే ఇనుప కడ్డీ ఒకటి ఉండేది. దాన్ని అందుకోగానే ప్రాణం లేచివచ్చేదట.

1877లో తల్లి వచ్చింది. రాత్రి ముద్దు పెట్టుకోవడానికి వంగితే, దెబ్బ పడుతుందేమోనని చెయ్యి అడ్డం పెట్టుకున్నాడట. ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఏ తల్లికైనా ఇది చదివాక ముద్ద దిగుతుందా?

పెద్దయి సొంత ఇల్లు ఏర్పడ్డాక, కిప్లింగ్ పిన్ని ఇంటి ఆ కడ్డీని అడిగి తెచ్చుకుని తన గుమ్మానికి పెట్టించుకున్నాడు. దాన్ని లాగే పిల్లలకి కూడా తనకి కలిగిన సంతోషమే కలగాలని.

ఇప్పుడు మా ఆడపడుచు పిల్లలు బ్రిటన్ నుంచి వేసవి సెలవులకి వస్తారు, విమానంలో ఒక్కరోజులో. వాళ్ళ బడికి సెలవులు ఆరు వారాలే. ఉన్నన్నాళ్ళూ ఊరికే బయటికి పోయి వచ్చి బెల్లు మోగిస్తారు. పొయ్యి మీద పప్పు మాడుతున్నా సరే, నేను కసరను.