వీధి కారు పందెపు బాట కెక్కిన చరిత్ర

బొంబాయి వైపు నుండి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైలు మార్గమును, మదరాసు వైపు నుండి వచ్చిన మదరాసు రైలు మార్గమును 1871లో మన రాయచూరులోనే కలిసినవి. ఇట్టి ఊరిలో రైల్వే కొలువు చేయు మావంటి గుమాస్తాలకు సైతము తెలిసిన సూత్ర మొకటి కలదు. బండిని లాగు శక్తి యెంత అన్నది తరువాతి మాట. ఆపు శక్తి యెంత అన్నది ముందు మాట. బ్రేక్ పవర్ సర్టిఫికెట్టుపై డ్రైవరు, గార్డు సంతకములు పడనిదే బండి కదలదు. కార్లవారు ఈ పాఠమును చాల ప్రాణములు పోగొట్టుకొనిన పిమ్మట నేర్చుకొనిరి. ఆ కథను ఉగాది సంచిక పాఠకులకు మనవి చేయుచున్నాను.

దీనికి కారణము లేకపోలేదు. తుంగభద్ర ఎడమ కాలువ నీటిని నమ్ముకొని కోస్తా జిల్లాల నుండి వచ్చి, సింధనూరు, మాన్వి ప్రాంతములలో క్యాంపులు వేసుకొనిన మన పెద్దలు ఎడ్లబండ్లతో కాలము గడిపిరి. వారి మనుమలకు నేడు కార్లపై మోజు మెండు. బలమైన కారు చేతికి వచ్చిన కుర్రవానికి, దాని సత్తా యెక్కడ చూడవలెనను ప్రశ్న పుట్టక మానదు. వరికోత బండ్లు, బడిపిల్లలు, గేదెలు తిరుగు రోడ్డుపై చూచినచో ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ ప్రశ్న కొత్తది కాదు. 1903 మే నెలలో పారిస్ నుండి మాడ్రిడ్‌కు కార్ల పందెము పెట్టిరి. బాట పొడవునా జనము గుమిగూడిరి. దుమ్ములో దారి కానరాక కార్లు చెట్లను, మనుష్యులను గుద్దుకొనినవి. కార్ల తయారీదారులైన రెనో సోదరులలో మార్సెల్ రెనో ఆ పందెములోనే మరణించెను. ప్రభుత్వము పందెమును బోర్డో నగరము వద్దనే నిలిపివేసినది. గంటకు నూరు కిలోమీటర్లకు పైగా పరుగెత్తిన ఆ కార్లను గుర్రములచే స్టేషనుకు లాగించి, రైలులో పారిస్‌కు చేర్చిరి!

ఆ తరువాత వేగమునకు వేరే చోటు కావలెనని లోకమునకు తోచినది. ఇంగ్లండులో రోడ్లపై పందెములకు అనుమతి లేనందున 1907లో బ్రూక్‌లాండ్స్ అను చోట ప్రత్యేకముగా కాంక్రీటు బాట కట్టిరి. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిదప, పనిలేక పడియున్న విమానాశ్రయములు అక్కరకు వచ్చినవి. ఇంగ్లండులో సిల్వర్‌స్టోన్ అట్టిదే. మనకు మదరాసు నుండి నెల్లూరు పోవు దారిలోని షోలవరము అట్టిదే. 1953లో ఏర్పడిన మదరాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బువారు ఆ పాత విమానపు బాటపై యేండ్ల తరబడి పందెములు నడిపిరి. మన వీధులలో తిరిగిన ఫియట్, హెరాల్డ్ కార్లే మెరుగులు దిద్దుకొని అచ్చట పరుగులు తీసినవి. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఆ క్లబ్బువారి సొంత బాట సిద్ధమైనది. 2003లో కోయంబత్తూరు వద్ద కరి మోటార్ స్పీడ్‌వే వచ్చినది.

ఇక మజిల్ కారు సంగతి. మధ్యరకపు కారులో మహా ఇంజను బిగించిన దానికి అమెరికావారు పెట్టిన పేరిది. 1964లో పాంటియాక్ కంపెనీవారు జీటీఓ అను కారు తెచ్చిరి. ఇంజను 6.4 లీటర్లు, శక్తి 325 గుర్రములు. కాని నాలుగు చక్రములకును మామూలు డ్రమ్ము బ్రేకులే! నాలుగోవంతు మైలు తిన్నగా పరుగెత్తుటకు అది చాలును. మలుపులు గల బాటపై చుట్లు తిరుగుటకు మాత్రము చాలదు.

ఈ లోపమును కారల్ షెల్బీ అను మాజీ పందెగాడు గ్రహించెను. 1965లో ఆయన ఫోర్డు మస్టాంగ్ కారును తీసికొని జీటీ 350 తయారుచేసెను. 4.7 లీటర్ల ఇంజను శక్తిని 271 నుండి 306 గుర్రములకు మాత్రమే పెంచెను. అసలు శ్రమ తక్కిన చోట్ల పడెను: ముందు చక్రములకు డిస్కు బ్రేకులు, వెనుక పెద్ద డ్రమ్ములు, గట్టి షాక్ అబ్జార్బర్లు, మలుపులో ఆయిలు ఒక ప్రక్కకు ఒరిగిపోకుండ పెద్ద ఆయిలు తొట్టి. వెనుక సీటు తీసివేసెను. వీధిలో తిరుగుటకు తగిన ఆ కారు జాతి 1965, 66, 67 సంవత్సరములలో వరుసగా అమెరికా బి-ప్రొడక్షన్ తరగతి విజేతగా నిలిచినది. గెలిపించినది ఇంజను ఒక్కటే కాదని దీనివలన తెలియుచున్నది.

మన దేశములో మస్టాంగ్ 2016 నుండి కొన్నేండ్లు అమ్మకమునకు వచ్చినది. అట్టి కారు గలవారు రుసుము కట్టి, మూసిన బాటపై తమ బండిని తాము నడుపుకొను దినమును ట్రాక్ డే అందురు. అది పందెము కాదు. సాయంత్రము అదే కారులో ఇంటికి రావలెను. కావున సిద్ధపరచుటలో క్రమము ముఖ్యము.

మొదటిది బ్రేకు. 1,700 కిలోల కారు గంటకు 160 కిలోమీటర్ల నుండి 80కి తగ్గిన ప్రతిసారి పుట్టు వేడి, నాలుగు లీటర్ల నీటిని మరిగించుటకు చాలును. ఒక్కొక్క చుట్టులో ఇట్లు పలుమార్లు జరుగును. బ్రేకు ద్రవము గాలిలోని తేమను పీల్చును. డాట్ 4 రకము కొత్తదైనచో కనీసము 230 డిగ్రీల వరకు మరుగదు. తేమ పట్టినచో 155 డిగ్రీలకే మరుగవచ్చును. మరిగినచో ఆవిరి పుట్టి, పెడలు మెత్తగా నేలకు దిగిపోవును. కావున పాత ద్రవము తీసి కొత్తది పోయించి, వేడికి ఓర్చు ప్యాడ్లు వేయించవలెను.

తరువాత టైర్లు: చీలికలు చూడవలెను, వేడికి గాలి పీడనము పెరుగును గనుక మధ్యమధ్య కొలిచి సరిచేయవలెను. పిమ్మట ఆయిలు, రేడియేటరు, చక్రముల నట్లు, సీటు బెల్టు. లోపల సీసా గాని, జాకీ గాని వదులుగా ఉండరాదు, హెల్మెట్టు తప్పనిసరి. చివరి చుట్టు నెమ్మదిగా తిరిగి బ్రేకులను చల్లార్చవలెను. వేడిగా ఉండగా హ్యాండు బ్రేకు వేయరాదు. ఇంటిదారి పట్టుటకు ముందు నట్లను, ప్యాడ్లను మరల పరీక్షించవలెను. ఇంజనుకు బలము పెంచు ముచ్చట వీటన్నిటి తరువాతనే.

తెలుగుగడ్డపైనను 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేన్ సాగర్ తీరమున విద్యుత్ కార్ల ఫార్ములా ఈ పందెము జరిగినది. అదియు వీధియే, కాని రాకపోకలు మూసి, గోడలు నిలిపిన వీధి. పారిస్–మాడ్రిడ్ పందెము నుండి 120 ఏండ్లలో లోకము నేర్చినది అదియే.

పెద్దలకు మనవి: కుర్రవాని మోజును తిట్టి అణచుటకన్న, ఏడాదికొకసారి మూసిన బాటకు పంపుట మేలు. యువకులకు మనవి: మీ కారు ఎంత వేగముగా పోవునని అడిగిన వారికి, అది ఎంత దూరములో ఆగునో చెప్పగలిగిననాడే ఆ కారు మీదైనట్లు. ఈ కొత్త సంవత్సరము మన క్యాంపులలోని ప్రతి ఇంటికిని, బయలుదేరిన వారందరు క్షేమముగా తిరిగి వచ్చు సంవత్సరము కావలెనని కోరుచున్నాను.