వస్తువు నుండి అడుగు దాకా: జననాట్యమండలి ప్రదర్శనా రూపం - ఒక చారిత్రక పరిశీలన

అనంతపురం పట్టణానికి ఆనుకొని ఉన్న బుక్కరాయసముద్రం పేరు సాహిత్య విద్యార్థులకు చెరువు వల్ల తెలుసు. విజయనగర ప్రభువు బుక్కరాయల కాలంలో, పద్నాలుగో శతాబ్దిలో వెలసిన చెరువు అది. దాని కట్ట తెగబోయినపుడు ముసలమ్మ అనే ఇల్లాలు ఊరి కోసం ప్రాణమిచ్చిందని జనశ్రుతి. కట్టమంచి రామలింగారెడ్డి 1899లో ఆ కథను 'ముసలమ్మ మరణం' కావ్యంగా మలిచారు. ఆధునిక తెలుగు కవిత్వానికి తొలి అడుగుల్లో ఒకటిగా దానిని విమర్శకులు లెక్కిస్తారు. అయితే ఇక్కడ గమనించవలసిన విషయం వేరు. కట్టమంచి ఊరి నుండి వస్తువును తీసుకున్నారు, రూపాన్ని తీసుకోలేదు. ఊరి నోటి కథ పద్యమైంది. ఊరి వాద్యం, ఊరి అడుగు అందులోకి రాలేదు. ఆనాటి కావ్యదృష్టికి అవి రావలసిన అవసరమూ కనిపించలేదు.

అదే పీఠభూమిలో పాటకూ అడుగుకూ మధ్య గీత లేదు. దేవర పండుగలలో ఉరుములు మోగించే దళిత కళాకారులు వాద్యాన్ని మెడకు తగిలించుకొని ఆడుతూనే పాడతారు. చెక్కభజనలో తాళం వేసే చేయి, తిరిగే కాలు, పాడే గొంతు ఒకే మనిషివి. ఈ రూపాలు కులానికీ మొక్కుకూ కట్టుబడి ఉన్నవి. వాటిని ఆ కట్టు నుండి విడదీసి, సొంతంగా నడిచే బృందం చేతికి, ధిక్కార స్వరానికి అప్పగించడం తెలుగునాట ఎలా జరిగిందన్నదే ఈ వ్యాసం విషయం.

ఆ పనికి మొదటి నమూనా 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి. గరికపాటి రాజారావు నాయకత్వం, షేక్ నాజర్ బుర్రకథ దానికి ఊపిరి. బుర్రకథలో కథకుడి చేతిలో తంబూర, వేళ్లకు అందెలు, కాళ్లకు గజ్జెలు. ఇరువైపులా ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం, మరొకరు రాజకీయం. ఈ ముగ్గురి అమరిక తెలుగు రాజకీయ ప్రదర్శనకు ఎంతకాలం వెన్నెముకగా నిలిచిందో తర్వాతి చరిత్ర చెబుతుంది. ఆ రోజుల్లో ఇటువంటి బృందాన్ని 'దళం' అనేవారు. పాడేవారికీ పోరాడేవారికీ ఒకే మాట ఉండటం యాదృచ్ఛికం అనుకోవడం కష్టం.

జననాట్యమండలి 1972లో హైదరాబాదులో రూపుదిద్దుకుంది. దానికి ముందు బి. నర్సింగరావు, ఆయన మిత్రులు నడిపిన ఆర్ట్ లవర్స్ సంఘం ఉంది. మెదక్ ప్రాంతపు తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు అప్పటికే బుర్రకథ చెబుతున్నారు. నర్సింగరావు ప్రోత్సాహంతో 1971లో 'ఆపర రిక్షా' రాశారు. తొలి పాటల సంపుటికి పెట్టిన 'గద్దర్' అన్న పేరు, గదర్ పార్టీని తలపించే పేరు, చివరకు మనిషి పేరై నిలిచింది. ఉత్తరాంధ్ర నుండి వంగపండు ప్రసాదరావు చేరారు. ఆయన 'భూమి భాగోతం' వీధి భాగవతపు ఫణితిని భూమి సమస్యకు అన్వయించిన నృత్యరూపకం. నగరపు చిత్రకళా, సినిమా అభిరుచి ఒక వైపు, పల్లె బాణీ మరొక వైపు. ఈ రెంటి కలయికను విస్మరించి మండలిని కేవలం 'జానపదం' అనడం సరికాదు.

ప్రదర్శనలో కంటికి కనిపించేది తక్కువ సరంజామా. గోచి, భుజాన గొంగడి, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్ర. పక్కన డప్పు, డోలక్. తెర లేదు, మేకప్ లేదు. బుర్రకథలోని ముగ్గురి అమరిక ఇక్కడ సడలింది. వంత పాడే బాధ్యత క్రమంగా జనానికి చేరింది. పాట మధ్యలో మాట, మాట మధ్యలో అడుగు, అడుగు ఆగిన చోట ప్రశ్న. పాటల పుస్తకాలు, క్యాసెట్లు ఊరూరా తిరిగాయి. అయితే పుస్తకంలో సాహిత్యం మిగిలింది, క్యాసెట్‌లో గొంతు మిగిలింది. అడుగు రెండింటిలోనూ లేదు. మండలిపై వచ్చిన పరిశోధనలు అధికంగా పాట పాఠాన్నే విశ్లేషించడానికి ఈ ఆధారాల స్వభావమే కారణం.

అదే దశాబ్దిలో ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో, ఈ ప్రయోగంతో ఏ సంబంధమూ లేకుండా, పోలిక గల ప్రయత్నం ఒకటి జరిగింది. 1976లో ఏర్పడిన గ్యాంగ్ ఆఫ్ ఫోర్ బృందం పంక్ సంగీతపు కోపాన్ని నృత్యలయతో కలిపింది. తర్వాతి కాలంలో డ్యాన్స్-పంక్ అనిపించుకున్న ధోరణికి మూలపురుషుల్లో వారొకరు. మావో అనంతరం చైనాలో అరెస్టయిన నలుగురు నాయకులకు పడిన పేరునే వారు కొంత వ్యంగ్యంగా పెట్టుకున్నారు. 1979లో వెలువడిన 'ఎంటర్‌టైన్‌మెంట్!' ఆల్బమ్‌లో గిటారు రాగాన్ని అలంకరించదు, దరువులా కోస్తుంది. ఆడించే లయ మీదే శ్రమ గురించి, సరుకుల మోజు గురించి విమర్శ. అదే ఏడాది బీబీసీ కార్యక్రమం ఒక పాటలో మాట మార్చమంటే వారు పాడకుండా వెళ్లిపోయారు. కానీ ఆ ఆల్బమ్‌ను విడుదల చేసింది ఈఎంఐ అనే పెద్ద సంస్థ. లీడ్స్ యువకులకు మార్కెట్‌తో ఎదురైన ఇరకాటం మండలికి ఆ రూపంలో ఎదురుకాలేదు. దానికి ఎదురైంది రాజ్యం. 1975 ఎమర్జెన్సీలో అరెస్టులు, 1985 తర్వాత గద్దర్ అజ్ఞాతవాసం, 1990 ఫిబ్రవరిలో హైదరాబాదు నిజాం కళాశాల మైదానంలో భారీ జనం మధ్య పునఃప్రవేశం, 1992లో పీపుల్స్‌వార్‌పై నిషేధం, 1997 ఏప్రిల్ 6న గద్దర్‌పై కాల్పులు: మండలి కాలక్రమాన్ని ఈ తేదీలే ఎక్కువగా నిర్ణయించాయి.

రాజ్యంతో ఘర్షణ అందరికీ తెలిసినదే. లోపలి ఘర్షణ డప్పుది. మేకతోలు బిగించి, మంట సెగకు కాచి, సిర్రతో, సిటికెన పుల్లతో వాయించే ఈ వాద్యం మాదిగల వెట్టితో ముడిపడినది. చావుకూ, చాటింపుకూ పిలిచి, పండుగనాడు వాకిలి బయట నిలబెట్టిన వాద్యం. దానిని వేదిక నడుమకు తెచ్చిన ఘనతలో మండలికి పెద్ద వాటా ఉంది. కానీ వేదికపై డప్పు 'ప్రజల' వాద్యమయింది. దానిని మోసిన కులం పేరు వర్గం అన్న మాటలో కలిసిపోయింది. 1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగల ఊచకోత జరిగాక ఈ మౌనం నిలవలేదు. గద్దర్ 'దళిత పులులమ్మా' పాట ఆ సందర్భంలోనిదే. మండలి స్పందించింది కనుక కులాన్ని పట్టించుకోలేదనే ఆరోపణ పూర్తిగా నిలబడదు. అయితే స్పందన పాట వస్తువులో కనిపించింది. వాద్యం ఎవరిది అన్న ప్రశ్న మిగిలిపోయింది. 1994 జూలై 7న అదే జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా ఆ ప్రశ్నను తన పేరులోనే పెట్టుకుంది. దండోరా అంటే డప్పు మోగించి చాటడమే. వెట్టిగా చేసిన పని అక్కడ హక్కుల ప్రకటనగా మారింది. ఈ మలుపును ఉద్యమ సాహిత్యపు చీలికగా చూసేవారున్నారు. వాద్యం వైపు నుండి చూస్తే అది చీలిక కన్నా తిరిగి స్వాధీనం చేసుకోవడం అనదగినది.

సీమ విషయంలో ఈ చర్చ మరో మాటను కోరుతుంది. మండలి రూపం తెలంగాణ, ఉత్తరాంధ్ర బాణీల మీద ఎక్కువగా నిలబడింది: ఒగ్గుకథ, జముకుల కథ, వీధి భాగవతం. ఉరుముల దరువు, చెక్కభజన అడుగు రాష్ట్రమంతటికీ తెలిసిన ఉద్యమ వేదికకు ఆ స్థాయిలో ప్రాతినిధ్య రూపాలు కాలేదు. కరువు సీమ పాటలో వస్తువుగా వచ్చింది. రూపంగా రాలేదు. ముసలమ్మ కథకు 1899లో జరిగినదే వేరొక తీరున ఇక్కడా కనిపిస్తుంది.

2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం మండలి తీర్చిదిద్దిన గొంగడి, గజ్జె, డప్పు, ప్రశ్న-జవాబుల వరుసనంతా తీసుకొని ప్రత్యేక రాష్ట్ర నినాదానికి అమర్చింది. 2023 ఆగస్టు 6న గద్దర్ మరణించేనాటికి ఆ అడుగు మూడు తరాల గాయకుల కాళ్లలో ఉంది. వారిలో అనేకులు మండలిలో ఎన్నడూ సభ్యులు కారు.