సవ్యసాచి

పని సవ్యంగా జరిగిందంటే సరిగ్గా జరిగిందని మనకు అర్థం. సంస్కృతంలో సవ్యమంటే ఎడమ. జంధ్యం ఎడమ భుజం మీద ఉంటే సవ్యం, పితృకార్యాల్లో కుడి భుజానికి మారితే అపసవ్యం. రోజూ ఉండే తీరు మొదటిదే కనుక, ఎడమ అన్న అర్థం మరుగునపడి 'సరైనది' అన్నది తెలుగులో నిలిచిపోయిందనుకోవచ్చు. తమాషా ఏమిటంటే, సవ్యంగా ఉండమని చెప్పే పెద్దవాళ్ళే పుర్రచేత్తో ముద్ద తిన్న పిల్లల చేతిమీద ఒక్కటేశారు.

ఎడమచేత్తోనూ బాణం వేయగలవాడు సవ్యసాచి. విరాటపర్వంలో ఉత్తరుడికి తన పది పేర్లు విడమరచి చెబుతూ, గాండీవం లాగడంలో తనకు రెండు చేతులూ కుడిచేతులేనన్న అర్థంలో అర్జునుడు దీన్ని వివరిస్తాడు. మూలంలో వాడిన మాట 'దక్షిణం'. దానికి కుడి అనీ అర్థం, నేర్పు గలదనీ అర్థం. ఈ మాట చెప్పేనాటికి ఆయన ఇంకా బృహన్నల వేషంలోనే ఉన్నాడు.

మన క్రీడాపేజీల్లో బ్యాటూ బంతీ రెండూ వచ్చినవాళ్ళు ఆల్‌రౌండర్లు. శీర్షికకు కాస్త గాంభీర్యం కావాలంటే సవ్యసాచి అంటారు. ఇక్కడో మెలిక ఉంది. అర్జునుడికి విల్లు ఒకటే, చేతులు రెండు. ఆల్‌రౌండర్‌కు విద్యలు రెండు. కపిల్‌దేవ్ బ్యాటింగ్ చేసిందీ, బౌలింగ్ చేసిందీ కుడిచేతి వాటంతోనే. అక్షరాలా చూస్తే ఆ బిరుదు ఆయనకు అతకదు. ఆగ్రా అమ్మాయి దీప్తి శర్మకు అతుకుతుంది. బ్యాటింగ్ ఎడమచేతి వాటం, ఆఫ్‌స్పిన్ కుడిచేత్తో.

ఆడవాళ్ళ ఆట గురించి రాసేటప్పుడు తెలుగుకు ఇంకో చిక్కుంది. ఆట అంటే మనకు క్రీడా, నాట్యమూ కూడా. ఆటగాడు మైదానంలోకి వెళ్ళాడు. ఆటకత్తె, ఆటవెలది మాత్రం నిఘంటువుల్లో నాట్యం దగ్గరే, వేశ్యావాటిక దగ్గరే ఆగిపోయారు. అందుకే పత్రికలు క్రీడాకారిణిని అరువు తెచ్చుకున్నాయి. బ్యాట్స్‌మన్‌ను బ్యాటర్‌గా మార్చడానికి క్రికెట్ నియమాలు రాసే ఎంసీసీకి 2021 దాకా పట్టింది. ఆల్‌రౌండర్‌కు ఆ బెడద లేదు. ఉండకూడదు కూడా. ఒకే టెస్టులో శతకం చేసి పది వికెట్లు తీయడం మొదట సాధించింది ఆస్ట్రేలియా బెట్టీ విల్సన్, 1958లో మెల్‌బోర్న్‌లో. మగవాళ్ళలో ఇయాన్ బోథమ్ ఆ పని చేసేసరికి 1980 వచ్చింది. సవ్యసాచి మాటకొస్తే, వ్యాకరణం పట్టుబడితే స్త్రీలింగంలో 'సవ్యసాచిని' అనాలి. నా చెవికి సవ్యసాచి చాలు.

దీప్తి 2017లో ఐర్లాండ్ మీద ఓపెనర్‌గా 188 పరుగులు చేసింది. పూనమ్ రౌత్‌తో తొలి వికెట్‌కు 320. అంతటి ఓపెనర్‌ను తర్వాత జట్టు అవసరాన్ని బట్టి కిందికి దించారు. ఆల్‌రౌండర్ అన్న మాటలో ఈ సర్దుబాటు ఎప్పుడూ ఉంటుంది. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ దిగాలి. 2023 డిసెంబరులో నవీ ముంబయి టెస్టులో ఇంగ్లండ్ మీద 67 పరుగులు చేసి, మొదటి ఇన్నింగ్స్‌లో 7 పరుగులకే 5 వికెట్లు, రెండోదానిలో 4 తీసింది.

సవ్యం, అపసవ్యం అన్న తగాదా ఆమెను నిజంగానే చుట్టుకున్నది లార్డ్స్‌లో. 2022 సెప్టెంబరు 24, ఝులన్ గోస్వామి ఆఖరి మ్యాచ్. ఇంగ్లండ్‌కు చివరి వికెట్ మిగిలింది. బంతి వేయకముందే క్రీజు దాటిన చార్లీ డీన్‌ను దీప్తి నాన్‌స్ట్రైకర్ వైపు రనౌట్ చేసింది. క్రీడాస్ఫూర్తి ఏదంటూ గగ్గోలు. నియమం అప్పటికే ఆమె పక్షాన ఉంది. పైగా ఆ తరహా ఔట్‌ను 'అన్యాయమైన ఆట' అధ్యాయం నుంచి తీసి 'రనౌట్' అధ్యాయంలో చేరుస్తామని ఎంసీసీ ముందే ప్రకటించింది. వారం తర్వాత, అక్టోబరు 1న అది అమల్లోకి వచ్చింది. నాకైతే ఆమె చేసింది సవ్యమే.

2025 నవంబరు 2న ప్రపంచకప్ ఫైనల్లో దక్షిణాఫ్రికా మీద 58 పరుగులు, 39 పరుగులకు 5 వికెట్లు. టోర్నీ మొత్తం మీద 215 పరుగులు, 22 వికెట్లు. ఒకే ప్రపంచకప్‌లో 200 పరుగులూ 20 వికెట్లూ దాటడం అంతకుముందు మగవాళ్ళకూ కుదరలేదు.

శీర్షికలు పెట్టే మిత్రులకు ఒక మనవి. ఇరవై పరుగులు చేసి ఓ వికెట్ తీసినవాళ్ళందరికీ ఈ బిరుదు పంచకండి. వాళ్ళకు ఆల్‌రౌండర్ సరిపోతుంది. సవ్యసాచిని దీప్తి లాంటివాళ్ళకు అట్టేపెట్టండి.